ఎదురైన మనిషే మళ్లీ ఎదురయ్యే ఊరు

ప్రశ్న: నేను పుట్టిందీ పెరిగిందీ కోటికి పైగా జనం ఉన్న మహానగరంలో. ఇప్పుడు పదోన్నతితో పాటు బదిలీ వచ్చింది. వెళ్లవలసిన నగరంలో జనాభా 4 లక్షల దాకా ఉంటుందట. ఒక శని, ఆదివారాలు కుటుంబంతో వెళ్లి చూసి వచ్చాం. రోడ్లు తెరిపిగా ఉన్నాయి; దారి అడిగితే వెంట వచ్చి మరీ చూపించారు. కానీ అద్దె ఇళ్లు చూపించిన పెద్దమనిషి గంట తిరిగేలోగా మా ఇద్దరి జీతాలెంతో, ఒక్క బిడ్డతోనే ఎందుకు ఆగిపోయామో, ఆ ఊళ్లో మాకు తెలిసినవాళ్లెవరో అన్నీ అడిగేశాడు. మర్నాడు ఇంకో వీధిలో ఇల్లు చూడబోతే ఆ ఇంటివారికి మా సంగతులు అప్పటికే తెలుసు. నాకు ఊపిరాడనట్టయింది. మావారిది చాలా కొద్ది కంపెనీల్లో మాత్రమే దొరికే ఇంజినీరింగు పని; ఇంటి నుంచి చేసుకోవచ్చని ఆయన కంపెనీ నోటిమాటగా ఒప్పుకుంది. పద్నాలుగేళ్ల మా అమ్మాయికి చదరంగం ప్రాణం. ఇలాంటి నగరంలో రోజువారీ బతుకు నిజంగా ఎలా ఉంటుంది? ప్రశాంతంగానా, ఇరుకుగానా? ఇల్లు కొనుక్కుని స్థిరపడిపోవచ్చా?
— ఒక పాఠకురాలు

సమాధానం: ఆ రెండు రోజుల్లో మీకు నచ్చిన విషయమూ మిమ్మల్ని భయపెట్టిన విషయమూ ఒకే వేరు నుంచి పుట్టినవి. మధ్యతరహా నగరంలో ఒకసారి ఎదురైన మనిషి మళ్లీ ఎదురవుతాడు, అదీ చాలాసార్లు మరో వేషంలో. అక్కడి మనిషిని దారి అడిగిన ఆమె రేపు ఆయన కొడుకు చదివే బడిలోనే మరో తల్లిగా కనిపించవచ్చు. ఆయన ఇల్లు అద్దెకు తీసుకున్న మనిషి ఎల్లుండి ఆయన బావమరిదికి పై అధికారి కావచ్చు. అందుకే అక్కడివారు కొత్తవారితో మర్యాదగా ఉంటారు, అందుకే ఆరా కూడా తీస్తారు. మొదటిది ఉంచుకుని రెండోది వద్దనుకోవడానికి వీలు లేదు. మీ ప్రశ్నలన్నిటికీ నా జవాబు ఈ ఒక్క విషయం చుట్టూనే తిరుగుతుంది.

ముందుగా ఆ 4 లక్షల అంకె సంగతి. ఓఈసీడీ అనే అంతర్జాతీయ ఆర్థిక సంస్థ లెక్కలో 2 లక్షల నుంచి 5 లక్షల దాకా జనాభా ఉన్న పట్టణ ప్రాంతాన్ని మధ్యతరహా నగరం అంటారు. ఐక్యరాజ్యసమితి 2018లో ఇచ్చిన అంచనాల ప్రకారం ప్రపంచంలోని పట్టణవాసుల్లో దాదాపు సగం మంది 5 లక్షల లోపు జనాభా గల ఊళ్లలోనే ఉంటున్నారు. కోటి దాటిన మహానగరాల్లో ఉంటున్నవారు సుమారు ఎనిమిదింట ఒక వంతు మాత్రమే. అంటే ఇన్నాళ్లూ అరుదైన జీవితం గడిపినది మీరే. ఈ మాట ఓదార్పు కోసం చెప్పడం లేదు. మహానగరవాసులు తమ అలవాట్లను కొలబద్దగా పెట్టుకుని మిగతా ఊళ్లన్నిటినీ "ఇక్కడ అది లేదు, ఇది లేదు" అని కొలుస్తారు. ఆ కొలతతో వెళ్తే మొదటి నెలలోనే మనసు విరుగుతుంది, చుట్టూ ఉన్నవారి మనసులూ విరుగుతాయి.

అయితే జనాభా ఒక్కటే ఆ ఊరి స్వభావాన్ని చెప్పదు. పెద్ద నగరానికి ఆనుకుని ఉన్న 4 లక్షల ఊరు వేరు, చుట్టుపక్కల మరో నగరమే లేకుండా ఒంటరిగా నిలిచిన 4 లక్షల ఊరు వేరు. దక్షిణ జర్మనీలోని ఊళ్లను చూసి 1933లో వాల్టర్ క్రిస్టాలర్ అనే భూగోళవేత్త ఒక సంగతిని సిద్ధాంతంగా చెప్పాడు: ప్రతి సరుకుకూ, ప్రతి సేవకూ అది నిలదొక్కుకోవడానికి కావలసిన కనీస జనం ఉంటారు, దాని కోసం మనుషులు ప్రయాణం చేయడానికి ఒప్పుకునే గరిష్ఠ దూరమూ ఉంటుంది. ఒంటరి నగరం తన 4 లక్షల మందికే కాక చుట్టూ ఉన్న పల్లెలకూ చిన్న పట్టణాలకూ ఆసుపత్రి, కోర్టు, కళాశాల, టోకు బజారు అన్నీ తానే అవుతుంది. అలాంటి ఊళ్లో పగటి జనం, రాత్రి జనం ఒకటి కారు. పొద్దున బస్సులు దిగిన జనంతో మధ్య వీధులు కిటకిటలాడతాయి, చీకటి పడే వేళకు వాళ్లు తిరుగుముఖం పడితే అంగళ్లు కట్టేస్తారు. రాత్రి తొమ్మిదింటికే ఊరు నిద్రపోతుందని కొత్తవారు నవ్వుకుంటారు గాని, అది బద్ధకం వల్ల కాదు. ఆఖరి బస్సు వేళను బట్టి ఏర్పడిన అలవాటు. మీరు చూసి వచ్చినవి శని, ఆదివారాలు కనుక ఈ పగటి ఊరిని మీరు ఇంకా చూడలేదనే నేను అనుకుంటున్నాను.

రెండో సంగతి, ఆ ఊరు దేని మీద బతుకుతోంది అన్నది. విశ్వవిద్యాలయం మీద బతికే ఊరు సెలవుల్లో సగం ఖాళీ అవుతుంది. ఫ్యాక్టరీ మీద బతికే ఊరికి షిఫ్టుల గంటలే గడియారం. ప్రభుత్వ కార్యాలయాల మీద బతికే ఊళ్లో బదిలీపై వచ్చిపోయే కుటుంబాలు ఎక్కువ కనుక కొత్తవారు కొత్తవారిలా అనిపించరు. మీలాంటి వారికి ఈ మూడో రకం ఊరు అన్నిటికన్నా సుఖం. ఒకే పెద్ద యజమాని ఉన్న ఊరు కష్టం, ఎందుకంటే అక్కడ ఆఫీసులోని హోదా వీధిలోకీ బడిలోకీ వెంట వస్తుంది. అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో మన్సీ అనే ఊరి రోజువారీ జీవితాన్ని లిండ్ దంపతులు 1920ల్లో అధ్యయనం చేసి 1929లో ప్రచురించారు. అది మధ్యతరహా నగరం కన్నా బాగా చిన్న ఊరే అయినా, మామూలు ఊరిని అంత శ్రద్ధగా పరిశీలించిన తొలి ప్రయత్నాల్లో అది ఒకటి. రాబర్ట్ లిండ్ 1930ల్లో మళ్లీ అక్కడికి వెళ్లి, 1937లో ప్రచురించిన రెండో గ్రంథంలో, గాజు సీసాల వ్యాపారంతో ఎదిగిన ఒక్క కుటుంబం బ్యాంకు, ఆసుపత్రి, కళాశాల వంటి వాటన్నిటిలో ఎలా వేళ్లూనుకుందో ఒక అధ్యాయమంతా రాశాడు. మొదటిసారి అంత శ్రద్ధగా చూసిన పరిశోధకులకే ఆ కుటుంబం పట్టు అంతగా ఆనలేదన్నది నాకు ఆసక్తికరంగా తోస్తుంది. మీరు వెళ్లబోయే ఊళ్లో కూడా ఇలాంటి పట్టు ఉండవచ్చు, ఉండకపోవచ్చు. ఆసుపత్రి, కళాశాల, పెద్ద దుకాణం, స్థానిక పత్రిక, వీటి యజమానులెవరో నెమ్మదిగా తెలుసుకోండి. ఎవరినీ ప్రత్యేకంగా అడగనక్కర్లేదు. వింటూ ఉంటే మూడు నెలల్లో మీకే అర్థమవుతుంది.

ఇక మీకు ఊపిరాడనట్టయిన విషయానికి వస్తాను.

మహానగరంలో మీరు రోజూ ఒకే రైలెక్కే మొహాలను ఏళ్ల తరబడి చూస్తూ కూడా పలకరించి ఉండరు. స్టాన్లీ మిల్‌గ్రామ్ అనే మనస్తత్వవేత్త 1972లో ఈ సంబంధానికి "తెలిసిన అపరిచితుడు" అన్న అర్థం వచ్చే పేరు పెట్టాడు. రైల్వే ప్లాట్‌ఫారాల మీద నిలబడినవారి ఫొటోలు తీయించి, అక్కడి ప్రయాణికులకే చూపించి అడిగితే, సగటున ఒక్కొక్కరు నలుగురిని గుర్తుపట్టారు గాని మాటలు కలిపింది ఒకరిద్దరితోనే. ఏదైనా చిన్న సాయం కావలసి వస్తే ఏళ్లుగా చూస్తున్న మొహం కన్నా పూర్తిగా కొత్త మనిషిని అడగడమే సులువనిపిస్తుందని కూడా ఆయన గమనించాడు. ఆ మౌనం ఇరుపక్కలా కుదుర్చుకున్న ఒప్పందం. రైలు దిగాక ఆ మనిషి మరెక్కడా తారసపడడు కనుకే అది అన్నేళ్లు నిలుస్తుంది. మీరు వెళ్లే ఊళ్లో ఆ ఒప్పందం నిలవదు. బస్టాపులో చూసిన మొహం బ్యాంకులో కౌంటరు వెనక కనిపిస్తుంది, ఆదివారం పార్కులో కనిపిస్తుంది, మీ అమ్మాయి స్నేహితురాలి ఇంట్లో తలుపు తీస్తుంది. నాలుగోసారి కూడా పలకరించకుండా దాటిపోతే దాన్ని అక్కడివారు మితభాషిత్వం అనుకోరు, పొగరనుకుంటారు. కాబట్టి మీరు నేర్చుకోవలసిన మొదటి పని చాలా చిన్నది: రెండోసారి కనిపించిన మనిషికి తలాడించి నవ్వడం. మాట్లాడనక్కర్లేదు. అంతమాత్రం చేస్తే చాలు, అడగదలచిన ప్రశ్నల్లో సగం ఆగిపోతాయి.

మిగతా సగం ప్రశ్నల సంగతి. ఇల్లు చూపించిన పెద్దమనిషి మీ జీతం అడిగింది దాన్ని లెక్కగట్టుకోవడానికి కాకపోవచ్చు. "మీకు ఇక్కడ తెలిసినవాళ్లెవరు" అన్న ప్రశ్నే ఆయనకు అసలైనది. తక్కినవి దాని చుట్టూ తిరిగిన ప్రశ్నలు. తెలియని మనిషికి పూచీగా నిలబడేది ఎవరన్నది ఆయనకు తెలియాలి, ఎందుకంటే రేపు మీరు అద్దె ఎగ్గొడితే ఆ ఇంటి యజమాని ఆయనకు రోజూ ఎదురయ్యే మనిషి. ఇలాంటి చోట పూర్తిగా మూసుకున్న తలుపు మరిన్ని ఊహలకు తావిస్తుంది. మీరే ఎంచుకుని రెండు మూడు సంగతులు ముందుగా, ధారాళంగా చెప్పేయండి: ఎక్కడి నుంచి వచ్చారు, ఏ ఆఫీసులో పని, అమ్మాయి ఏ తరగతి. జీతం గురించి, బిడ్డల గురించి అడిగితే చిరునవ్వుతో మాట మార్చండి. ఎదురు ప్రశ్న వేయడం ఇంకా మంచిది, ఎందుకంటే ఆరా తీసేవారిలో చాలామందికి తమ సంగతులు చెప్పుకోవడం కూడా అంతే ఇష్టం. అబద్ధం మాత్రం చెప్పవద్దు. మహానగరంలో చిన్న అబద్ధం జనంలో కలిసిపోతుంది గాని ఇక్కడ అది ముగ్గురి నోట మూడు రకాలుగా తిరిగి మీ దగ్గరికే వస్తుంది.

ఆరా తీసేవారంతా అమాయకులని కూడా అనుకోవద్దు. నార్బర్ట్ ఎలియాస్, జాన్ స్కాట్సన్ అనే ఇద్దరు ఇంగ్లండులోని లెస్టర్ నగర శివార్లలో ఒక కార్మికవాడను పరిశీలించి 1965లో రాసిన విషయం మీరు తెలుసుకోవడం మంచిది. అక్కడి పాతకాపులకూ కొత్తగా వచ్చినవారికీ ఆదాయంలో తేడా లేదు, పనిలో తేడా లేదు, జాతిలో తేడా లేదు. ఉన్న తేడా అల్లా ఎన్నేళ్ల నుంచి ఉంటున్నారన్నదే. అయినా పాతవారు కొత్తవారిని తక్కువగా చూశారు, క్లబ్బుల్లోకీ సంఘాల్లోకీ రానివ్వలేదు. కొత్తవారిలో అందరికన్నా చెడ్డ కుటుంబం ఏదో దాన్ని బట్టి కొత్తవారందరినీ, తమలో అందరికన్నా మంచి కుటుంబం ఏదో దాన్ని బట్టి తమందరినీ అంచనా వేసుకున్నారు. దీన్ని నిలబెట్టింది చాడీలే. పాతవారికి ఒకరితో ఒకరికి తరాల పరిచయం ఉంది కనుక మాట వేగంగా పాకింది. కొత్తవారికి ఒకరితో ఒకరికే పరిచయం లేదు కనుక తిరిగి జవాబిచ్చే గొంతు లేకపోయింది. ఇందులో మీకు పనికొచ్చే సూచన ఒకటుంది. కొత్తగా వచ్చినవారంతా కలిసి కట్టుకున్న కాలనీలో ఇల్లు తీసుకుంటే సౌకర్యంగా ఉంటుంది గాని, ఊరి మాట మీదాకా రాదు, మీ మాట ఊరిదాకా పోదు. పాతవారూ కొత్తవారూ కలిసి ఉండే వీధి దొరికితే గది ఒకటి తక్కువైనా అదే తీసుకోండి.

మర్యాద గురించి ఒక హెచ్చరిక చేయాలి. రాబర్ట్ లెవీన్, ఆయన సహచరులు అమెరికాలోని 36 నగరాల్లో సాయం చేసే గుణాన్ని పరీక్షించి 1994లో ఫలితాలు ప్రచురించారు. జారవిడిచిన కలం తీసి ఇస్తారా, కాలు దెబ్బ తగిలిన మనిషికి సాయపడతారా, అంధుడిని రోడ్డు దాటిస్తారా వంటి చిన్న పరీక్షలు అవి. రోచెస్టర్ మొదటి స్థానంలో, న్యూయార్క్ చివరి స్థానంలో నిలిచాయి. జనసాంద్రత పెరిగినకొద్దీ సాయం తగ్గిందన్నది అన్నిటికన్నా బలంగా తేలిన సంబంధం. కాబట్టి మీకు దారి చూపించిన మనిషి మంచితనం నటన కాదు. కానీ సాయం వేరు, స్నేహం వేరు. ఆ ఊళ్లో మీ వయసువారికి స్నేహితులు బడినాటి నుంచీ ఉన్నారు, అక్కచెల్లెళ్లు పక్క వీధిలో ఉన్నారు, సాయంత్రాలు ఇప్పటికే నిండిపోయి ఉన్నాయి. మొదటి రెండు నెలలు అందరూ ఆదరంగా పలకరించి, ఆ తరువాత ఎవరూ ఇంటికి పిలవకపోతే మీలో ఏదో లోపముందని కుంగిపోవద్దు. మీకోసం ఖాళీ కుర్చీ లేదు, అంతే.

కుర్చీ ఎక్కడ ఖాళీగా ఉంటుందో వెతుక్కోవాలి, అది మనుషులు చాలని చోట ఉంటుంది. రోజర్ బార్కర్, పాల్ గంప్ అనే మనస్తత్వవేత్తలు అమెరికాలోని కాన్సాస్‌లో పెద్ద, చిన్న ఉన్నత పాఠశాలలను పోల్చి 1964లో చూపించింది ఇదే. పెద్ద బడిలో కార్యక్రమాలు ఎక్కువే, కానీ పిల్లలు ఇంకా ఎక్కువ. కాబట్టి చాలామంది ప్రేక్షకులుగా మిగిలిపోతారు. చిన్న బడిలో నాటకానికీ ఆటకూ పత్రికకూ మనుషులు చాలరు కనుక మామూలు విద్యార్థిని కూడా లాక్కువచ్చి బాధ్యత అప్పగిస్తారు. మధ్యతరహా నగరంలోని సంఘాల స్థితి కూడా ఇంతే: గ్రంథాలయ కమిటీ, రక్తదాన శిబిరం, నడక బృందం, కాలనీ సంఘం, అన్నిటిలోనూ పని చేసే చేతులు కొరత. మహానగరంలో మీరు పదేళ్లున్నా కార్యదర్శి కాలేని సంఘంలో ఇక్కడ ఏడాదిలో లెక్కలు మీ చేతికి వస్తాయి. లెక్కలు రాసే పని, కుర్చీలు సర్దే పని ఒప్పుకోండి. సలహాలు ఇచ్చే పనిని మాత్రం మొదటి ఏడాది దగ్గరికి రానీయవద్దు. "మా ఊళ్లో అయితే" అని మొదలయ్యే వాక్యాన్ని ఎవరూ క్షమించరు.

మీ అమ్మాయి విషయంలోనూ ఈ లెక్క సగం అనుకూలం, సగం ప్రతికూలం. బడి జట్టులో ఆమెకు చోటు వెంటనే దొరుకుతుంది, బహుశా జిల్లా స్థాయి దాకా పోటీ తక్కువగానే ఉంటుంది. కానీ క్లాడ్ ఫిషర్ అనే సామాజికవేత్త 1975లో చెప్పినట్టు, అరుదైన అభిరుచులు వేళ్లూనాలంటే కొంత కనీస జనం కావాలి. ఊరు పెద్దదయ్యేకొద్దీ అలాంటి చిన్న చిన్న లోకాలు ఏర్పడతాయి. 4 లక్షల మందిలో చదరంగం ఆడేవారు చాలామందే ఉంటారు, గట్టిగా ఆడేవారు మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. ఆమె వారిని దాటేసిన రోజున ఆట చప్పబడుతుంది. అదృష్టవశాత్తు చదరంగం ఆన్‌లైన్‌లో నేర్చుకోవడానికి బాగా కుదిరే ఆట; పెద్ద ఊళ్ల పోటీలకు ఏడాదికి కొన్నిసార్లు ప్రయాణం తప్పదని ఇప్పుడే ఆమెతో ఒప్పందం చేసుకోండి, ఆ ఖర్చును కుటుంబ బడ్జెట్‌లో పెట్టుకోండి. పద్నాలుగేళ్ల వయసుకు మరో ఇబ్బంది ఉంది, దాన్ని పెద్దలు తేలిగ్గా తీసుకుంటారు. ఎవరికీ తెలియకుండా తిరిగే వీలు ఆమెకు ఇక ఉండదు. సాయంత్రం ఎవరితో నడిచిందో రాత్రికి మీకు తెలిసిపోతుంది. అలా తెలిసిన ప్రతిదాన్నీ ఆమె ముందు పెట్టి నిలదీయకపోతేనే ఆ పిల్ల ఆ ఊరిని భరించగలుగుతుంది. ఊరంతా కాపలా కాస్తున్నప్పుడు తల్లి కూడా కాపలా కాయనక్కర్లేదు.

సేవల సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే మహానగరం నుంచి వచ్చినవారు ఎక్కువగా తలబొప్పి కట్టించుకునేది ఇక్కడే. ఆల్బర్ట్ హిర్ష్‌మన్ అనే ఆర్థికవేత్త 1970లో ఒక తేడాను స్పష్టం చేశాడు: నచ్చని సేవ ఎదురైనప్పుడు మనిషి ముందు రెండు దారులుంటాయి, వదిలిపెట్టి వేరేచోటికి పోవడం ఒకటి, అక్కడే ఉండి గొంతెత్తి బాగుచేయించుకోవడం రెండోది. మీ ఇన్నాళ్ల జీవితమంతా మొదటి దారిలో నడిచింది. ప్లంబర్ నచ్చకపోతే మరొకడు, పిల్లల వైద్యుడు విసుక్కుంటే మరొకరు. పాతవారు మళ్లీ కనిపించరు. ఇక్కడ ఏ పనికైనా నమ్మదగినవారు ఒకరో ఇద్దరో. ఆ ఇద్దరికీ ఒకరితో ఒకరికి పరిచయం. మొదటివాడితో గొడవ పెట్టుకుని రెండోవాడి దగ్గరికి వెళ్తే, మీకన్నా ముందు మీ కథ అక్కడికి చేరి ఉంటుంది. అందుకని రెండో దారి నేర్చుకోక తప్పదు, దానికి కొంత పద్ధతి ఉంది. ఫిర్యాదును నేరుగా ఆ మనిషితోనే, వేరెవరూ లేనప్పుడు, జరిగింది ఏమిటో చెప్పి, మీకేం కావాలో అడగాలి. ఫోన్‌లో రేటింగు ఇచ్చి కడుపుమంట తీర్చుకునే అలవాటును మహానగరంలోనే వదిలి రండి. పది మంది మాత్రమే అభిప్రాయాలు రాసే చోట పేరు దాచుకున్నా రాసింది ఎవరో అందరికీ తెలుస్తుంది. దీనికి ప్రతిఫలం కూడా ఉంది. వేళ దాటాక తలుపు తట్టినా తీసే మందుల దుకాణం, జీతం ఆలస్యమైనా ఆగే ఇంటి యజమాని, మాట మీద పని మొదలుపెట్టే మేస్త్రీ, ఇవన్నీ మళ్లీ ఎదురవుతామన్న నమ్మకం మీద నడిచే ఏర్పాట్లు. అన్యాయం పెద్దదైనప్పుడు, అంటే వైద్యంలో నిర్లక్ష్యమో బడిలో పిల్లల మీద దౌర్జన్యమో జరిగినప్పుడు, ఈ మొహమాటాన్ని పక్కన పెట్టి రాతపూర్వకంగా, చట్టప్రకారం వెళ్లవలసిందే. "ఇంత చిన్న ఊళ్లో ఎందుకు గొడవ" అని మీకు నచ్చజెప్పేవారు తప్పకుండా ఉంటారు. అలా అనేవారిలో చాలామంది అవతలివారికి బాకీ పడ్డవారై ఉంటారు.

కాలం గురించి క్లుప్తంగా చెబుతాను. ప్రయాణాల్లో పోయే సమయం తగ్గుతుంది, అది నిజమైన లాభం. నడక వేగం కూడా తగ్గుతుంది. ఆరు దేశాల్లోని 15 ఊళ్లలో పాదచారుల వేగాన్ని కొలిచి, జనాభా పెరిగేకొద్దీ నడక వేగం పెరుగుతుందని 1976లోనే ఒక పరిశోధనలో చూపించారు. కౌంటరు దగ్గర మీ ముందున్నవారు కుశలప్రశ్నలు వేసుకుంటుంటే గడియారం చూసుకోవద్దు.

మీ ఉత్తరంలో మీరు ఒక్క వాక్యంలో దాటేసినదీ, నన్ను అన్నిటికన్నా కలవరపెట్టినదీ మీ భర్త ఉద్యోగం. ఊరు పెద్దదయ్యేకొద్దీ మొత్తం జీతాలు, కొత్త ఆవిష్కరణలు జనాభాను మించి పెరుగుతాయని, అంటే తలసరిన కూడా ఎక్కువవుతాయని లూయిస్ బెటెన్‌కోర్, జెఫ్రీ వెస్ట్, వారి సహచరులు 2007లో అనేక నగరాల లెక్కలతో చూపించారు. అదే పరిశోధన ప్రకారం నేరాలు కూడా అలాగే పెరుగుతాయి, రోడ్లు, తీగలు వంటివి మాత్రం తలసరిన తక్కువే సరిపోతాయి. సగటు మనిషికి ఈ తేడా తక్కువ జీతంగా, తక్కువ అద్దెగా కనిపిస్తుంది. అరుదైన పని చేసేవారికి మాత్రం అలా కాదు. ఉద్యోగం పోతే తక్కువ జీతానికైనా మరో ఉద్యోగం దొరకదు, అసలేదీ దొరకదు. మార్క్ గ్రానోవెటర్ అమెరికాలోని ఒక పట్టణంలో ఉద్యోగులను అడిగి 1973లో రాసినదాని ప్రకారం, పరిచయాల ద్వారా ఉద్యోగం దొరికినవారిలో ఎక్కువమందికి ఆ కబురు అందించింది ఆప్తమిత్రులు కాదు, అప్పుడప్పుడు కలిసే దూరపు పరిచయస్థులు. మీ భర్తకు అలాంటి పరిచయస్థులంతా మహానగరంలోనే ఉన్నారు. ఇంటి గదిలో కూర్చుని పని చేస్తే ఆ పరిచయాలు ఏడాదిలోనే ఎండిపోతాయి, కొత్త ఊళ్లో ఆయనకు కొత్తవీ ఏర్పడవు. మీకు ఆఫీసు ఉంటుంది, అమ్మాయికి బడి ఉంటుంది. పగలంతా ఒంటరిగా ఉండేది ఆయన. అందుచేత రెండు పనులు బయలుదేరే ముందే జరగాలి. కంపెనీ నోటిమాటను కాగితం మీదికి తెప్పించాలి: ఎన్నాళ్లు, ఏ షరతులతో, వెనక్కి పిలిస్తే ఎంత గడువు ఇస్తారు అన్నవి అందులో ఉండాలి. నెలకోసారి ఆయన మహానగరానికి వెళ్లి రావడానికి ఖర్చు, సమయం కేటాయించాలి. కంపెనీ కాగితం ఇవ్వడానికి నిరాకరిస్తే, మీ పదోన్నతి ఎంత విలువైనదైనా, కుటుంబమంతా ఒకేసారి తరలిపోవద్దనే నేను చెబుతాను. మీరు ముందు వెళ్లి, అమ్మాయి ఆ విద్యాసంవత్సరం ముగించాక మిగతావారు రావడం నయం.

ఇల్లు ఇప్పుడే కొనవద్దు. అక్కడి ధరలు మీకు చవకగా తోస్తాయి, ఇల్లు చూపించినవారూ అదే అంటారు. కానీ కొనేవారు తక్కువగా ఉన్న చోట అమ్మడం నెలల పని, ఒక్కోసారి ఏళ్ల పని. మీ భర్త కంపెనీ వెనక్కి పిలిచిన రోజున ఆ ఇల్లే మిమ్మల్ని కట్టిపడేస్తుంది. పైగా ఏ వీధిలో వానాకాలం నీళ్లు నిలుస్తాయో, ఏ వీధికి వేసవిలో నీళ్లు రావో, ఏ రెండు ఇళ్ల మధ్య పాత తగాదా ఉందో రెండు రోజుల్లో తెలిసే సంగతులు కావు. కనీసం ఒక వానాకాలం, ఒక వేసవి అద్దె ఇంట్లో గడపండి.

అద్దెకు దిగే ముందు కూడా మరోసారి వెళ్లి రండి, ఈసారి పనిదినాల్లో. సొంత వాహనం లేకుండా ఇంటి నుంచి ఆఫీసుకు వెళ్లి చూడండి, ఆఖరి సిటీ బస్సు ఎన్నింటికో కనుక్కోండి. ఊళ్లోని పెద్ద ఆసుపత్రికి వెళ్లి, గుండెపోటు వచ్చినవారికి ఇక్కడే చికిత్స చేస్తారా, తలకు దెబ్బ తగిలినవారిని ఎక్కడికి పంపుతారు, అక్కడికి అంబులెన్సులో ఎంత సేపు పడుతుంది అని సూటిగా అడగండి. ఆ జవాబును మీ భర్త, మీరు కలిసి వినండి. సంగతులన్నీ అడిగిన ఆ పెద్దమనిషికే ముందుగా ఫోన్ చేసి, వస్తున్నామని చెప్పండి. పాతవారూ కొత్తవారూ కలిసి ఉండే వీధిలో ఏ ఇల్లు ఖాళీ అవుతోందో ఆయనకు తెలిసినంతగా మరెవరికీ తెలియదు, మీ గురించి సగం సంగతులు ఆయనకు ముందే తెలుసు కనుక పూచీ కూడా ఆయనే ఇస్తాడు.